ఎర్రగడ్డలు తెచ్చిన రోజు

29 నవంబర్ 1996, శుక్రవారం

సారీ చెప్పలేదు. చెప్పను.

దోహాలో మా అరబ్బు యజమానిని బాబా అనే పిలవాలి. మంగళవారం మా బాబా కొత్త ల్యాండ్ క్రూయిజర్‌ని ఆయన పెద్దకొడుకు నాసర్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఆ బండి జోలికి పోవద్దని బాబా వాడికి ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు. నీళ్ళు వెనక్కి పోయిన తడి ఇసుకలోకి దించితే చక్రాలు దిగబడ్డాయి. బయటికి లాగేలోపు పోటు వచ్చింది, బానెట్ దాకా మునిగింది. ఇంజన్ ఖలాస్. ఇంటికొచ్చి, ఖాసీం నడిపాడు అన్నాడు.

ఖాసీం అంటే నేనే, ఆ ఇంటి డ్రైవర్ని. ఆ మధ్యాహ్నం నేను పికప్ వేసుకుని అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్‌లో ఎర్రగడ్డల బస్తాలు ఎక్కించుకుంటున్నాను. ఆ రాత్రి బాబా తిన్న అన్నంలో పడినవి ఆ ఎర్రగడ్డలే. సాక్ష్యం ఆయన కడుపులోనే ఉంది.

ఈరోజు జుమ్మా నమాజు అయ్యాక మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే పెద్ద హాల్లో, చుట్టాలందరి ముందు నన్ను నిలబెట్టాడు. జీతం కోయను, ఇంటికి పంపను, ఒక్క సారీ చెప్పు, ఇక్కడితో వదిలేస్తాను అన్నాడు. నాసర్ గోళ్ళు చూసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళ మొగాడు! కొడుకు అబద్ధమాడాడని బాబాకు తెలుసు. నలుగురిలో ఒప్పుకోలేడు. అందుకు నా నోరు కావాలి.

లా, బాబా, చెప్పను, అన్నాను. లోపల ప్లేట్ల చప్పుడు కూడా ఆగిపోయింది.

అయితే ఆ మాట వచ్చేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు, మన లాంచీలో చేపల బోన్లు ఎత్తడానికి పో అన్నాడు. పోతాను. రాయచోటి నుంచి మద్రాసుకి లారీ నడిపినవాణ్ణి నేను. ఘాట్‌లో కూడా బండికి గీత పడనివ్వలేదు. సముద్రంలో బండి ముంచిన డ్రైవర్ అని పేరు తెచ్చుకోవడానికా ఇంత దూరం వచ్చింది?

30 నవంబర్

లాంచీ ఊపుకు వాంతులు. పొద్దుటి నుంచీ అదే డ్యూటీ.

3 డిసెంబర్

మొక్క అన్నది లేని ఇసుక దీవి. దాని మీద ఒక టెంటు, నీళ్ళ డ్రమ్ము, స్టవ్వు. ముగ్గురం. లాంచీ నడిపేది రహమతుల్లా, బలూచీ ముసలాయన, రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. రెండోవాడు గంగన్న, నిజామాబాద్ వైపు. సైట్‌లో పని చేసేవాడట, కంపెనీ మూతపడితే ఇక్కడ తేలాడు.

పని ఇదీ. గర్గూర్ అంటే ఇనపతీగతో గుమ్మటంలా అల్లిన బోను. లోపల ఎండు రొట్టె, కుళ్ళిన చిన్న చేపలు వేసి సముద్రంలో దించుతాం. నాలుగైదు రోజులాగి తాడు పట్టి పైకి లాగుతాం. చలికాలం చేప బాగా పడుతుందని గంగన్న చెప్పాడు. చలికి నా వేళ్ళు కూడా బాగానే తెగుతున్నాయి. ఉప్పునీళ్ళు తగిలితే ప్రాణం పోతోంది.

గంగన్న అన్నం వడ్డిస్తూ, ఒక్క మాటంటే నీ నోరేమన్న అరుగుతదా తమ్మీ, అనేసి పోరాదు అన్నాడు. అరుగుతాది అన్నా, అన్నాను. కూర ఇంకో గరిటె వేశాడు.

8 డిసెంబర్, సాయంత్రం

బాబా ఇంటి మిద్దె మీద పొడుగాటి ఏరియల్ ఉంది. వైర్‌లెస్ సెట్ మజ్లిస్‌లోనే ఉంటుంది. రోజూ పొద్దుగూకే వేళకు పిలుస్తాడు. చేపలెన్ని అని అడగడు. వాడు చెప్పాడా అని అడుగుతాడు. రహమతుల్లా నా వంక చూస్తాడు. నేను తల అడ్డంగా ఊపుతాను. మా గాల్, చెప్పలేదు, అని రహమతుల్లా పెట్టేస్తాడు.

ఆ పిలుపు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. తల ఊపడానికి.

13 డిసెంబర్, శుక్రవారం

చేపలు దించడానికి ఒడ్డుకొచ్చాం. దోహాలో నజ్మా పేటకు పోయి ఇంటికి ఫోన్ చేశాను. ఒంటి మీద కంపు నాకు తెలియడం లేదు గాని, ఫోన్ బూత్ దగ్గర లైన్‌లో ఉన్నవాళ్ళు మర్యాదగా నాకు దారి ఇచ్చారు.

మొత్తం చెప్పాను. కనీజ్ ముందు తిట్టింది. అనేసి రాగూడదా, ఒక మాటకు మనకేం పోతాది అంది. పెళ్ళాం కూడా ఇంతేనా అని నాకు ఏడుపొచ్చింది. కాసేపాగి, బండి నువ్వు తోలినావా అని అడిగింది. లేదన్నాను. అట్లయితే అనొద్దు, అన్నావంటే నేనూరుకోను అంది.

ఈ ఆడమనిషి కోసం ఇంకో పది చలికాలాలు బోన్లు ఎత్తగలను.

20 డిసెంబర్

షమాల్, ఉత్తరపు గాలి. లాంచీ కదల్లేదు. టెంటులో అన్నం కంటే ఇసుకే ఎక్కువ తిన్నాం.

తెగిన బోన్లు అల్లుకుంటూ కూర్చున్నాం. బోను నోరు బయటి వైపు వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం. రొట్టె వాసనకు చేప హాయిగా వెళ్తుంది, మళ్ళీ ఆ దారి దొరకదు. నాకు బాబా గుర్తొచ్చాడు. జీతం కోయను, ఇంటికి పంపను. ఆ రొట్టె వాసన కూడా బాగానే ఉంది.

గంగన్న తనంతట తనే చెప్పాడు. సైట్‌లో ఎవరో మిక్సర్ పాడుచేస్తే, ఫోర్‌మన్ బతిమాలాడని తను సారీ చెప్పాడట. గప్పట్నించి ఏది ఇరిగినా గంగన్ననే అన్నరు తమ్మీ, ఆఖరికి నేనే చేసిననేమో అనిపిచ్చేది అన్నాడు. తర్వాత తీగ మెలిపెట్టడంలో పడ్డాడు. అప్పటి నుంచి నన్ను సారీ చెప్పమని అడగలేదు.

26 డిసెంబర్

బాబా వచ్చాడు! స్నేహితులు, తివాచీలు, కట్టెలు, ఒక మేక. వింటర్ క్యాంప్. ఫైబర్ బోటు నాసర్ నడుపుకుంటూ వచ్చాడు. నన్ను చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడు.

27 డిసెంబర్, శుక్రవారం

పొద్దున బోన్లు ఎత్తడం చూస్తామన్నారు. స్నేహితులు లాంచీలో ముందు వెళ్ళారు. ఫైబర్ బోటులో నాసర్, బాబా, ఎర డబ్బాతో నేను. నాసర్ అడ్డదారి పట్టాడు. అక్కడ నీళ్ళు తెల్లగా, లోతు లేకుండా ఉన్నాయి. బాబా కూడా చూశాడు, ఏమీ అనలేదు. నేను మూతి బిగించుకుని కూర్చున్నాను. బోటు ఇసుకలో కూరుకుంది. నీళ్ళు తగ్గుతున్నాయి. చూస్తుండగానే బోటు పక్కకు ఒరిగింది. మళ్ళీ అదే సముద్రం, అదే ఇసుక.

నాసర్ వెంటనే తిరిగి, ఇటు పొమ్మని ఖాసీం చెప్పాడు అన్నాడు.

మా ఇద్దరి మధ్యలో కూర్చున్నది బాబానే. పొద్దుటి నుంచీ నా గొంతు ఆయన వినలేదు. కొడుకు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత సముద్రం వైపు తిరిగాడు. పోటు వచ్చేదాకా ముగ్గురం, కుళ్ళిన చేపల డబ్బా, అలాగే ఒరిగి కూర్చున్నాం. నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

సాయంత్రం మంట దగ్గర అందరి ముందు నన్ను పిలిచాడు. ఖాసీం, నిన్ను మన్నించాను, రేపు నాతో దోహాకు రా, వచ్చే కొత్త బండి తాళాలు నీకే అన్నాడు. స్నేహితులు ఎంత పెద్ద మనసు అని మెచ్చుకున్నారు. నాసర్ ఊపిరి పీల్చుకున్నాడు.

తీసుకుంటే అయిపోయేది. కానీ మన్నించాడంటే నేను చేసినట్టేగా.

దేనికి మన్నించారు బాబా, అని అడిగాను. చెయ్యని తప్పుకు నాకు మన్నింపు వద్దు, రేపు బోన్లు ఎత్తాలి, పోయి పడుకుంటాను అని లేచాను. టెంటు వెనక్కి వచ్చాను. భయమేసింది. సంతోషం కూడా వేసింది. ఇంత సంతోషం ఈ దేశం వచ్చాక ఇదే.

28 డిసెంబర్

వెళ్ళిపోయారు. బాబా నా వైపు చూడలేదు. పిచ్చోనివా తమ్మీ, బంగారమసొంటి నౌకరి ఇంటికొస్తే తన్నేస్తివి అని గంగన్న నెత్తి కొట్టుకున్నాడు. రాత్రికి మాత్రం మేక మాంసం మిగిలింది నాకే పెట్టాడు.

31 డిసెంబర్

వైర్‌లెస్ పిలవడం లేదు.

3 జనవరి 1997

ఈరోజూ పిలవలేదు. వీసా క్యాన్సిల్ చేస్తున్నాడేమో. చేసుకోనీ. రాయచోటిలో డ్రైవర్‌గానే దిగుతాను. తల ఊపడానికి ఎవరూ అడగకపోతే మాత్రం సాయంత్రాలు బోసిగా ఉన్నాయి.

7 జనవరి, సాయంత్రం

పిలిచాడు. రహమతుల్లా విని, సెట్ నాకే ఇచ్చాడు.

అవతల మజ్లిస్. కప్పుల చప్పుడు, చుట్టాల గొంతులు. బాబా దగ్గాడు. చప్పుడంతా ఆగాక, ఆ మంగళవారం అబూ హమూర్ నుంచి నువ్వు తెచ్చిన ఎర్రగడ్డలు బాగున్నాయి అన్నాడు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది బాబా, వినబడలేదు, మళ్ళీ చెప్పండి అన్నాను.

వినబడింది. అయినా మళ్ళీ చెప్పించుకున్నాను.