మాధవ్ ఎత్తని చెయ్యి

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దున పదును లేని నీ పొడుగు ఆట కత్తికి నూనె రాసిన. దాన్ని, నీ జాకెట్‌ను సంచిల పెట్టుకొని, రోలా బస్టాండుల బస్సెక్కి, మనం యూరప్ కత్తిసాము నేర్చుకున్న హాలుకు పోయిన.

మన ఆటల దెబ్బ తగిలినోడే చెయ్యెత్తి ఒప్పుకోవాలె గదా. నీ ఆఖరి పోటీల నీ ఎదుట దిగిన మాధవ్‌ను నువ్వు మెడ మీద కొట్టినా, వాడు చెయ్యెత్తలే. నువ్వు ఓడిపోయి, "పోనియ్ రా తమ్మీ" అన్నవ్. నేను పోనియ్యలే.

ఇయ్యాల ఆ హాల్ల వానితోనే ఆటకు దిగి, వాని మాస్కు మీద కొట్టిన. ఎత్తలే. మళ్లా అక్కడ్నే కొట్టిన. ఆ సప్పుడుకు హాలంత ఇటు తిరిగింది. అప్పుడు ఎత్తిండు.

"ఇది నా దెబ్బకు. మా అన్న దెబ్బకు?" అని అడిగిన.

"ఖలాస్ భాయ్, ఆయన పోయిండు గదా," అన్నడు.

నేను కత్తి దించలే. వాడు మళ్లా చెయ్యెత్తిండు.

ఆ చెయ్యి అలిసి వణికేదాక దించుమనలే, అన్నా.