అవతలివాళ్ల బంతి

కొత్తపేట, 1979, శుక్రవారం రాత్రి

సాయంత్రం టీ కొట్టు దగ్గర మా ఫుట్‌బాల్ మేధావులు మళ్లీ కొలువుదీరారు. పుట్టి బుద్ధెరిగాక బంతిని కాలితో తన్నని సూర్యారావు గారు బల్ల మీద టీ గ్లాసులు పేర్చి, ఆదివారం మ్యాచి ఎలా ఆడాలో నేర్పారు. ఎవరికి? గోల్‌కీపర్‌నైన నాకు!

"వెనకాల ముగ్గుర్ని పెట్టాలండీ. ఇద్దరైతే కొంప మునిగిపోద్ది."

"ఆయ్, ముగ్గురేనండీ" అని అందరూ తలలూపారు. నిన్న ఇద్దరు చాలన్నదీ ఈ నోళ్లే.

తర్వాత ఆదివారం మాతో ఆడాల్సిన కాలవ అవతలి క్లబ్బు మీద పడ్డారు. కొబ్బరి ధర పడిపోయి, ఆ క్లబ్బుని పోషించే కాయల వ్యాపారి చేతులెత్తేశాడట. బూట్లతోపాటు బంతినీ అమ్ముకున్నారట.

"బంతి లేని జట్టండీ బాబూ!" అంటూ మా బావ సుందరరావు టీ పొలమారేదాకా నవ్వాడు.

"మరి ఆదివారం ఏ బంతితో ఆడతాం బావా?" అన్నాను.

మా బంతి నిరుడే పగిలిపోయింది. కొత్తది కొనడం మానేసి, వచ్చే జట్టే బంతి తేవాలని ఓ ఆనవాయితీ పెట్టాం. అప్పట్నుంచి ప్రతిసారీ వాళ్లనే పిలుస్తున్నాం. వాళ్ల ఊరికి ఒక్కసారీ వెళ్లలేదు.

నవ్వులు ఆగిపోయాయి. సూర్యారావు గారు వెనకాల గ్లాసుల్లోంచి ఒకటి తీసేశారు.

"అలాగైతే ఇద్దరు చాలండీ."

"ఆయ్, ఇద్దరు చాలండీ."

ఆదివారం చర్చి వదిలేసరికి అవతలివాళ్లు బల్లకట్టు దిగుతారు, మా దగ్గరైనా బంతి ఉంటుందన్న నమ్మకంతో.