జేబులో ఉన్న కవరు

కేంబ్రిడ్జ్, మేరీలాండ్
గురువారం

లోరెట్టా గారికి,

మీ అమ్మగారి అంత్యక్రియలప్పుడు మీరు రాసిచ్చిన చిరునామాకే ఇది పంపుతున్నాను. కొన్నవాళ్ళ సంగతి బయటపెట్టడం తుపాకుల కొట్టువాడికి తగని పని. అయినా రాస్తున్నాను.

మీ తమ్ముడు వెర్నన్ మొన్న మంగళవారం నా దగ్గర పిస్తోలు కొన్నాడు. ఇక్కడ ప్రతి కొత్త పిస్తోలుతోనూ, ఫ్యాక్టరీలో దాంతో పేల్చిన తూటా ఖాళీ తొడుగు ఒక కవరులో వస్తుంది. దాన్ని నేను పోలీసులకు పంపాలి. రేపెక్కడైనా తొడుగు దొరికితే, దాని మీది గీతలు దీంతో పోల్చి ఎవరి తుపాకీదో చెప్పేస్తారు. ఈ మాట వినగానే అందరూ సర్కారును తిడతారు. వెర్నన్ తిట్టలేదు.

“అయితే అది నా తుపాకీయేనని తేలిపోతుందన్నమాట. డోరీన్‌ని ఎవరూ అనుమానించరుగా?” అన్నాడు.

“నీ పెళ్ళాన్నెందుకు అనుమానిస్తార్రా?” అని నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

తనకి తిండిపెట్టే పీతల బుట్టలన్నీ, ఇక అక్కర్లేదంటూ, పక్కింటాయనకి ఊరికే ఇచ్చేశాడని నిన్న తెలిసింది. డోరీన్‌కి చెబితే ఆవిడ వెళ్ళి వాణ్ణే అడుగుతుంది. వాడు వినేది మీ మాట ఒక్కటే.

కొన్న తుపాకీ చేతికివ్వడానికి చట్టం పెట్టిన ఏడు రోజుల గడువు వచ్చే మంగళవారంతో తీరుతుంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇవ్వనంటే ఇంకో కొట్టుకి పోతాడు. కవరు లేకుండా మాత్రం తుపాకీ ఇవ్వకూడదు. ఆ కవరు ఇప్పుడు నా కోటు జేబులో ఉంది. పోయిందని, ఇంకొకటి తెప్పించాలని చెబుతాను. చిన్నప్పట్నుంచీ నా మాట నమ్మేవాడు, రెండు మూడు రోజులు నమ్ముతాడు.

అంతకు మించి నాకు చేతకాదు. బయలుదేరండి.