రాజు ఇంటికొచ్చిన కబురు

సూరమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఈ మలేషియా ఊరు బాగన్ దాతుక్‌లో మన తెలుగువాళ్ల నెలపత్రికకు నువ్వు ఊరి కబుర్లు రాసేదానివి కదా, ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరు కొత్త మోటారుసైకిలు కొన్నారు అని. ఇప్పుడు మన మనవరాలు దేవి ఫోనులో బ్లాగు పెట్టి అదే పని చేస్తోంది.

పొద్దున పక్కింటి అప్పన్న బావ కోపంగా వచ్చాడు. కౌలాలంపూర్ నుంచి వచ్చిన వాళ్ల రాజు నెలరోజులుగా ఇక్కడే ఉన్నాడని దేవి రాసిందట.

"నా కొడుక్కి ఉజ్జోగం పోయినాదా అని ఊరంతా అడుగుతున్నారు. నీకేటమ్మా అంత సరదా?"

"పోయినాదని నాను రాయలేదు తాతా. ఇంటికొచ్చినాడనే రాసినాను."

నలభై ఏళ్ల రాకపోకలు ఈ ఒక్క మాటతో ఆగిపోతాయని నాకు భయం వేసింది. నేను నోరు తెరవనివాణ్నని నీకు తెలుసు. అయినా చెప్పాను, నువ్వు అచ్చుకు పంపేముందు ఎవరి కబురు వాళ్ల గడప దగ్గర చదివి వినిపించేదానివని. దేవి ఫోను పట్టుకుని వాళ్లింటికి నడిచింది. నేనూ బావా వెనకాలే వెళ్లాం.

రాజు తలవంచుకుని విన్నాడు. తీసెయ్యమంటాడనుకున్నాను.

"ఉజ్జోగం పోయినాదని కూడా రాయి దేవీ. లారీ మెకానిక్ పని వచ్చని రాయి. సదివినోళ్లు ఎవులైనా పిలుస్తారు."

అప్పన్న బావ లోపలికి వెళ్లి, దేవి కూర్చుని రాసుకోవడానికి కుర్చీ తెచ్చి వేశాడు.