కోయకుండా కరిగించే సూది కోసం

వైద్య ఖర్చుల మంజూరు అధికారి గారి సముఖమునకు, నాచారం నివాసి, కార్మికురాలు సారలమ్మ వ్రాసుకొను మనవి.

విషయం: నా థైరాయిడ్ గడ్డను కోయకుండా సూదితో కుదించు చికిత్సను "అందం కోసం" అని తిరస్కరించిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి.

అయ్యా,

1. నేను నాచారంలో బిస్కెట్ల కంపెనీలో పదకొండేళ్లుగా ప్యాకింగ్ పని చేయుచున్నాను. నా మెడలో పెద్ద నిమ్మకాయంత గడ్డ ఉన్నది. రెండుసార్లు పరీక్ష చేసి క్యాన్సర్ కాదన్నారు. అయినను ముద్ద దిగదు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు.

2. డాక్టరు పద్మశ్రీ గారు రెండు దారులు చెప్పినారు. ఒకటి కోసి తీసివేయుట. రెండవది సన్నని సూది గుచ్చి గడ్డను లోపలే వేడితో కాల్చుట. అది నెలల మీద కుదించుకుపోవును. కోతలో గొంతు నరం దెబ్బతిని మాట పోవుట వందలో ఒకరిద్దరికేనట. సూదితో ఆ భయం ఇంకా తక్కువట, బొత్తిగా లేదని మాత్రం అనలేదు.

3. మా ఆయన సాంబయ్యకు షుగరుతో ఒక కన్ను పోయినది. రెండో కంటి ఆపరేషన్ నాడు కూడా చూపు పోవుట వందలో ఒకరికే అన్నారు. ఆ ఒక్కడు ఆయనే. కావున ఆ లెక్క మా ఇంట్లో చెల్లదు.

4. ఆయన కర్ర పట్టడు. నా చెయ్యి పట్టుకొని నడవాలంటే నామోషీ. అందుచేత నేను రెండడుగులు వెనుక నడుచుచు "ఆగు, మెట్టున్నది, ఎడమకు జరుగు" అని చెప్పుచుందును. ఉప్పల్ బస్టాండులో జనం నన్ను మొగుణ్ణి సాధించే గయ్యాళి అనుకొందురు. అనుకోనీ. నా మాట పోతే ఆయనకు కళ్లు రెండోసారి పోయినట్లే అయ్యా.

5. తమ సెక్షన్ గుమాస్తా నరేన్ గారు "కోయిపిచ్చుకుంటె రేపే సాంక్షన్ అయితదమ్మా. కోత లేకుంటె కంప్యూటర్ల అందం కింద పడ్తది" అన్నారు. యాభై రెండేళ్ల వయసులో నాకు అందమెందుకు? మా ఇంట్లో చూసేవాడే లేడు.

పై సంగతులు చిత్తగించి, సూది చికిత్సకు వెంటనే అనుమతి ఇప్పించవలెనని కాళ్లావేళ్లా పడి వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు
సారలమ్మ

తా.క.: ఇది రాసి మూడు రోజులైంది. నా గొంతు పోతుందేమోనని నేను దారి చెప్పే మాటలు ఫోనులో రికార్డు చేసి దాచిపెట్టమని ఆయనే అడిగాడు. దాచిపెట్టాను. నిన్న నేను డ్యూటీకి పోయాక అది పెట్టుకొని ఇంట్లో ఒక్కడే నడిచాడు. ఫోనులో నేను "ఇంకో రెండడుగులెయ్యి" అన్నానట. గోడకు గుద్దుకున్నాడు, నుదుటికి నాలుగు కుట్లు. "చెయ్యి ముందల పెట్టి సూస్కోవద్దా?" అని ఏడిస్తే, "నీ గొంతే గద, నమ్మిన" అన్నాడు.