గోడవైపు తిరిగినదాని ఇల్లు

బట్టలు కుట్టి ఈ ఇల్లు కట్టుకున్నదాన్ని, యుద్ధంలో ఖైదుపాలై బతికి బయటపడ్డదాన్ని అయిన నేను, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉందని మరోసారి రాయమన్నాను. నా కొడుక్కి, అదే మా పెద్దాడికి, అనుమానం మరి.

ఖైదు నుంచి వచ్చినవాళ్లు ముసలితనంలో ఎలా ఉన్నారో తెలుసుకుంటానని మొన్న ఒక డాక్టరమ్మ వచ్చింది. జీవితం తృప్తిగా ఉందా అని అడిగింది. ఉంది, బాగా ఉంది అన్నాను. మా వాడు మధ్యలో దూరి, "అమ్మ అలాగే అంటుందండీ, అక్కడే మనసు చెడిపోయింది" అన్నాడు. ఆవిడ వాడి మొహం చూసి రాసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది! పడ్డదాన్ని నేనైతే, తృప్తి ఉందో లేదో చెప్పేది వాడా? పీడకలలు వస్తాయి, కాదనను. పొద్దున్నే లేచి నా కిటికీ నేనే తెరుచుకుంటాను. అది తృప్తి కాకపోతే మరేమిటట?

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, ముందుగదిలోని కుట్టుకొట్టుతో సహా, నా తదనంతరం సర్వహక్కులతో పొట్టిదానికి చెందాలి. పొట్టిది నాతోపాటు ఖైదులో ఉండి, తర్వాత ఈ ఇంట్లోనే కాజాలు కుడుతూ ఉండిపోయిన మనిషి. నా పిల్లలు పిన్నీ పిన్నీ అంటూ దాని చేతిముద్ద తిని పెరిగారు. ఇప్పుడు పెద్దాడికి అది "ఎవరో ఆవిడ" అయింది. నేను పోగానే దాన్ని ఆశ్రమంలో పడేసి ఇల్లు అమ్ముతాడట. ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే.

2. కుట్టుమిషను, పెద్ద కత్తెర నా కూతురికి. ఆ కత్తెరతో కాగితాలు కోసిందంటే పైనుంచే తిడతాను.

3. మిగిలిన సామాను, నగలు పిల్లలిద్దరికీ, ఖైదులో మేం రొట్టె పంచుకున్న పద్ధతిలో. అక్కడ నేను దారంతో ముక్కలు కోసేదాన్ని. పొట్టిది గోడవైపు తిరిగి నిలబడేది. ఒక ముక్క మీద వేలుపెట్టి ఎవరిదే అంటే, చూడకుండా ఒక పేరు చెప్పేది. ఆ పేరుకి తిరుగులేదు. అంత ఆకలిలోనూ మేం జుట్లు పట్టుకోలేదు. కాబట్టి పెద్దాడు రెండు కుప్పలు వేయాలి, పొట్టిది గోడవైపు తిరగాలి. ఏ కుప్ప ఎవరికొస్తుందో తెలీదు గనక సమానంగానే వేస్తాడులెండి, వాడి సంగతి నాకు తెలీదా!

4. పెద్దాడికి విడిగా, వాడికి నేను కుట్టిన మొదటి చొక్కా. జేబు వంకర. వాడు ఒళ్లో నిద్రపోతుంటే కదపలేక ఒంటిచేత్తో కుట్టాను. వాడి మీద నాకున్నది కోపమే, ఇంకేమీ కాదు.

5. ఇది అమలుచేసే బాధ్యత ఎదురింటి లెక్కల మాస్టారిది.

6. ఇది రాయిస్తూనే పొట్టిదాన్ని గోడవైపు తిరగమని, ఇంటి తాళాలగుత్తి మీద వేలుపెట్టి ఎవరిదే అని అడిగాను. వేలు తగిలి గుత్తి గలగలమంది, ఆ చప్పుడు దానికి తెలుసు. "పెద్దాడిది" అంది. ఖైదులో దాని మాట ఒక్కనాడూ కాదనలేదు. ఇవాళ కాదంటున్నాను. ఇల్లు దానిదే.

తేదీ: ఈ నెల పదకొండు, మంగళవారం.

సంతకం: కుట్టుకొట్టు పెద్దమ్మ

సాక్షులు:
మూలమీది మందులషాపు ఆయన
ప్రశ్నల డాక్టరమ్మ (ఈసారి నా మొహం చూసి సంతకం పెట్టింది)