పేరు కింద రాయాల్సిన మాట

శుక్రవారం

మనవరాలు లావణ్య కాలేజీలో నీటి పొదుపు మీద డాక్యుమెంటరీ తీస్తోంది. ఇవాళ కెమెరా నా ముందు పెట్టింది.

"తాతా, పల్సానాల నువ్వు పనిచేసిన అద్దకం మిల్లు నీళ్లు ఏడికి పోతుండె?"

"వాగులకే బిడ్డా. వాల్వు నేనే తిప్పుతుంటి. ఎర్ర చీరలు అద్దిననాడు వాగు ఎర్రగ పారేది."

ఇంట్లో ఇన్నేళ్లూ చెప్పని మాట. క్లాసులో లావణ్యకు తల కొట్టేసినట్టవుతుందేమోనని భయమేసింది.

"బొమ్మ కింద నా పేరొక్కటే రాయి. తాత అని రాయకు."

కెమెరా ఆపి, నా చేతికి పెన్నూ కాగితమూ ఇచ్చింది. "ఇంగ్లీషు బడిల చదివితి, నాకు తెలుగు రాయనీకి రాదు గద. నువ్వే రాసియ్యి, గదే ఫిల్ముల పెడ్త. నీ పేరు, దాని కింద 'మా తాత' అని."

రాశాను. చివరి అక్షరం వంకరపోయింది. ఇంకోటి రాస్తానన్నా లావణ్య వేరే కాగితం ఇయ్యలేదు, అదే తీసుకుంది...